ఆంగ్లమున జరుగుచున్న పని

‘ఇల్లు కట్టుచున్నారు’ అని మన మనుదుము. ఈ భావమునకే 18వ శతాబ్దమున ఆంగ్లేయులు ‘ది హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనెడివారు. మాటకు మాటగాఁ జెప్పిన, ‘ఇల్లు కట్టుచున్నది’. ఇల్లు తన్నుఁ దాను కట్టుకొనునా?

ఆ శతాబ్దము ముగియుచుండఁగా ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అను రూపము పొడసూపెను. అనఁగా కట్టఁబడుచున్నది, గడచిన కాలమునకు ‘ఈజ్’ పోయి ‘వాజ్’ వచ్చును. కవి రాబర్టు సౌథీ 1795లో నొక లేఖయం దిట్టి రూపమును వాడెను. 19వ శతాబ్దపు పండితులు పలువురు దీనిని వికారమనిరి. అమెరికా పండితుఁడు జార్జి మార్షు వారిలో నొకఁడు. జనులు విడువలేదు. నేఁడు బడిలో నేర్పునది యీ రూపమే. పాతది కొన్ని పలుకుబళ్లలో మాత్రము నిలిచినది.

కావునఁ బిల్లల నోటఁ గ్రొత్త పలుకు విన్నపుడు, తప్పని త్రోయుటకు ముందు అది యే కొఱఁత తీర్చుచున్నదో విచారింపుఁడు.