కడుపు చెప్పే మాట మెదడు ఎలా వింటుంది? మాదాపూర్ ఉద్యోగుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

మాదాపూర్‌లో అమెరికా టైముకు పనిచేసేవాళ్లకు రోజు సాయంత్రం మొదలవుతుంది. తెల్లవారుజామున క్యాబ్ దిగి, ఇంట్లో అందరూ నాష్తాకు కూర్చునే వేళకు పడుకుంటారు. అలాంటి ఇళ్లలో తరచూ వినబడే ఫిర్యాదులు రెండు: ‘కడుపు బాగుండట్లేదు’, ‘ఊరికే చిరాకు పడుతున్నాడు’. మొదటిదానికి మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర దొరుకుతుంది. రెండోదానికి అమ్మీ చీవాట్లు ఉంటాయి. ఈ రెండూ ఒకే దారానికి రెండు కొసలు కావచ్చన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు.

అలాగని ఇది పూర్తిగా కొత్త సంగతీ కాదు. తెలుగులో కోపం వస్తే కడుపు మండుతుంది, జాలి కలిగితే కడుపు తరుక్కుపోతుంది. ఉర్దూలో ధైర్యం ఉండేది జిగర్‌లో, జిగర్ అంటే లివరే. రెండు భాషలూ మాట్లాడే ఇళ్లలో ఈ మాటలు రోజూ దొర్లుతూనే ఉంటాయి. డాక్టర్లు వాటి వెనకున్న నరాలను, హార్మోన్లను, రసాయనాలను ఒక్కొక్కటిగా గుర్తిస్తూ వచ్చారు.

లైను ఎక్కడుంది?

అన్నవాహిక నుంచి పెద్దపేగు చివరిదాకా జీర్ణనాళం గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ 1921లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని నాడీ వ్యవస్థలో ఒక ప్రత్యేక విభాగంగా చూపి ‘ఎంటెరిక్ నర్వస్ సిస్టమ్’ అన్నాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో దీన్నే ‘రెండో మెదడు’ అంటున్నారు. పేరు బాగానే ఉంది కానీ ఇది ఆలోచించదు, నిర్ణయాలు తీసుకోదు. తిన్నదాన్ని కలపడం, ముందుకు తొయ్యడం లాంటి పనులను మెదడు ఆర్డరు కోసం ఆగకుండా చూసుకుంటుంది, అంతే.

పైనున్న అసలు మెదడుతో దీన్ని కలిపేది వేగస్ నరం. పుర్రె అడుగు నుంచి మెడ, ఛాతీ మీదుగా కడుపులోకి దిగుతుంది. ఇందులో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకి సమాచారం మోసేవే. అంటే మెదడు కడుపుకి చెప్పేదానికంటే కడుపు మెదడుకి చెప్పేదే ఎక్కువ. 2018లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో డియెగో బోహోర్కెజ్ బృందం ఎలుకల మీద ఇంకో విషయం బయటపెట్టింది. పేగు లోపలి పొరలోని కొన్ని కణాలు నేరుగా వేగస్ నరంతో జతకట్టి ఉంటాయి, చక్కెర తగిలిందన్న కబురును మిల్లీసెకన్లలోనే మెదడు వైపు పంపేస్తాయి. నాలుకతో సంబంధం లేకుండా తీపి సంగతి మెదడుకి చేరే దారి అది.

నరాల దారితో పాటు రక్తం ద్వారా వెళ్లే దారి ఉంది. అక్కడ కబురు మోసేవి హార్మోన్లు. ఖాళీ కడుపు నుంచి విడుదలై ఆకలి పుట్టించే ఘ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా బృందం కనిపెట్టింది. నైట్ షిఫ్ట్ ఇళ్లకు ఇది దగ్గరి విషయం. 2004లో చికాగో యూనివర్సిటీ పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి 24 శాతం పెరిగిందని వాళ్లే చెప్పారు. మనసు ఎక్కువగా లాగింది తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి. చిన్న పరిశోధనే. అయినా అర్ధరాత్రి దాటాక ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ చేసేవాడిని ‘కంట్రోల్ లేదు’ అని తిట్టే ముందు వాడు ఎన్ని గంటలు పడుకున్నాడో అడగడం న్యాయం.

రంజాన్‌లో ఈ హార్మోన్ ఇంకో గుణం తెలుస్తుంది. తొలి రోజాల్లో మధ్యాహ్నం లంచ్ వేళకు పేగులు అరుస్తాయి. వారం పది రోజులు గడిచేసరికి ఆ వేళ పెద్దగా తెలియకుండానే దాటిపోతుంది. ఘ్రెలిన్ అలవాటైన భోజన వేళకు ముందే పెరుగుతుంది, వేళలు స్థిరంగా మారితే అదీ మెల్లగా మారుతుంది. ఈ మార్పుకు అదొక కారణం. నెలంతా సహెరీ, ఇఫ్తార్ దాదాపు ఒకే వేళకు జరుగుతాయి కాబట్టి కడుపు సర్దుకుంటుంది. నైట్ షిఫ్ట్‌లో ఆ వీలు లేదు. ఐదు రోజులు రాత్రి భోజనం, శని ఆదివారాలు ఇంటివాళ్లతో పగటి భోజనం, సోమవారం మళ్లీ మొదటికి.

‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తే

లైను పైనుంచి కిందికి కూడా నడుస్తుంది. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ దెబ్బ తగిలి కడుపుకి పడిన రంధ్రం పూర్తిగా మూసుకోలేదు. అమెరికన్ సైనిక డాక్టర్ విలియం బోమాంట్ ఆ రంధ్రం గుండా జీర్ణక్రియను ఏళ్లపాటు గమనించి 1833లో పుస్తకం వేశాడు. కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ చెడుతుందని అందులో రాశాడు. అప్రైజల్ మీటింగ్ రోజు పొద్దున నాలుగుసార్లు బాత్రూముకు పరుగెత్తేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇలా పదే పదే కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వేధిస్తూ, ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ మామూలుగా ఉంటే డాక్టర్లు తరచూ ఐబీఎస్ అంటారు. 2016లో రోమ్ ఫౌండేషన్ నిపుణులు ఈ తరహా జబ్బులన్నిటికీ ‘పేగు, మెదడు పరస్పర చర్యలో లోపాలు’ అన్న అర్థం వచ్చే కొత్త పేరు పెట్టారు. పరీక్షలో ఏమీ కనబడలేదంటే రోగి నటిస్తున్నట్టు కాదు, కబుర్ల లైనులో తేడా ఉందన్నమాట. 33 దేశాల్లో జరిగి 2021లో వెలువడిన సర్వేలో భారత్ కూడా ఉంది. ఇంటింటికీ వెళ్లి అడిగిన దేశాల్లో సుమారు 21 శాతం పెద్దలకు ఇలాంటి లోపం ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. షిఫ్టులు మారుతూ పనిచేసే నర్సుల్లో పగటి డ్యూటీ నర్సులకంటే ఐబీఎస్ ఎక్కువని 2010లో ఒక అమెరికన్ పరిశోధన చూపింది.

చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది మందుల చీటీ దగ్గర. ఐబీఎస్‌కి గ్యాస్ట్రో డాక్టర్ అమిట్రిప్టిలిన్ అనే మాత్ర రాస్తాడు. పేరు ఫోన్‌లో వెతికితే డిప్రెషన్ మందు అని వస్తుంది. ‘మా అమ్మాయికి పిచ్చి మాత్రలా? రిష్తా చూస్తున్నాం, ఎవరికైనా తెలిస్తే?’ అని ఇంట్లో కంగారు, మాత్ర మూడో రోజే బంద్. నిజానికి ఇక్కడ ఇచ్చేది చాలా తక్కువ డోసు. డిప్రెషన్‌కి ఇచ్చే డోసులో చిన్న భాగం. పేగుల నుంచి మెదడుకి వెళ్లే నొప్పి కబుర్ల జోరు తగ్గించడం దాని పని. ఇంగ్లండ్‌లో 463 మంది ఐబీఎస్ రోగులకు కొందరికి ఈ మాత్ర, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఆరు నెలల తర్వాత అమిట్రిప్టిలిన్ వాడినవాళ్ల లక్షణాలే ఎక్కువ తగ్గాయని 2023లో లాన్సెట్ పత్రికలో ఫలితాలొచ్చాయి. నోరు ఎండడం, మగత లాంటి ఇబ్బందులుంటాయి. అందుకే డోసు మార్చాలన్నా, ఆపాలన్నా రాసిన డాక్టర్‌నే అడగాలి.

కానీ అన్నీ ఐబీఎస్ ఖాతాలో వెయ్యకూడదు. మోషన్‌లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నొప్పి వల్ల నిద్రలోంచి లేవడం, 50 దాటాక కొత్తగా మొదలైన తేడా, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలే.

‘మేం తాగం, మాకెందుకు లివర్ జబ్బు?’

కడుపు మనిషి ప్రవర్తనను మార్చగలదనడానికి మనుషుల్లో దొరికే గట్టి రుజువు లివర్ వార్డులో ఉంది. మాదాపూర్‌కి అది దూరపు సంగతి కూడా కాదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మైండ్‌స్పేస్ రోడ్డులోని ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉంది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి. నడ్డా అదే ఏడాది పార్లమెంటులో ఈ అంకెను ప్రస్తావించారు. 345 మందిని చూసి ఐటీ కారిడార్ మొత్తానికి తీర్పు చెప్పలేం. అయినా కొట్టిపారేసే అంకె కాదు.

ఈ ఫ్యాటీ లివర్‌కి మద్యంతో పనిలేదు. గంటల తరబడి కూర్చోవడం, బరువు, షుగర్, తీపి పానీయాలు చాలు. మద్యం ముట్టని కుటుంబాల్లో ‘లివర్ జబ్బు తాగేవాళ్లకే’ అన్న ధీమా వల్ల పరీక్ష ఆలస్యమవుతోంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో చాలామందికి పెద్ద ప్రమాదం రాదు. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వూ, వాపూ తగ్గుతాయి. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి మచ్చ గట్టిపడి సిర్రోసిస్ అవుతుంది.

అప్పుడు పేగుల కబురు మెదడుకి వేరే రూపంలో చేరుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియా మాంసకృత్తులను విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. మంచి లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. లివర్ పాడైతే అమ్మోనియా రక్తంతో మెదడుకి చేరుతుంది. పగలంతా మగతగా ఉండి రాత్రంతా మేలుకోవడం మొదటి గుర్తు కావచ్చు. తర్వాత సౌమ్యంగా ఉండే మనిషి పిల్లల మీద విరుచుకుపడతాడు, చేతిరాత మారుతుంది, తేదీ మర్చిపోతాడు, చాచిన చేతులు రెక్కల్లా కొట్టుకుంటాయి. ముదిరితే కోమా. దీన్ని హెపాటిక్ ఎన్‌కెఫలోపతీ అంటారు.

ఇంట్లోవాళ్లు దీన్ని వయసు అనుకుంటారు, నజర్ అనుకుంటారు, ‘అసర్ అయింది’ అని తావీజు కోసం తిరుగుతారు. దువా చేసుకోవడానికి ఆసుపత్రి అడ్డు కాదు. కానీ సిర్రోసిస్ ఉందని తెలిసిన మనిషి ప్రవర్తన మారితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లడంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, లోపల రక్తస్రావం, సొంతంగా వేసుకున్న నిద్రమాత్ర, వీటిలో ఏదైనా దీన్ని రేపవచ్చు.

చికిత్స పేగుల్లోనే జరుగుతుంది. లాక్టులోజ్ సిరప్ అమ్మోనియాను పేగుల్లో పట్టి బయటికి పంపుతుంది. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగుల్లోని బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. 2010లో 299 మంది మీద జరిగిన పరీక్షలో ఆరు నెలల్లో మళ్లీ మతి చెదిరినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వర్గంలో 46 శాతం, రిఫాక్సిమిన్ వర్గంలో 22 శాతం. రెండు వర్గాల్లోనూ ఎక్కువమంది లాక్టులోజ్ తాగుతూనే ఉన్నారు. మందు పేగు దాటకుండానే మనిషి తెలివిలో ఉన్నాడు.

ఇక్కడ ఇళ్లలో జరిగే పొరపాట్లు రెండు. లాక్టులోజ్‌ను మోషన్ మందు అనుకుని, మోషన్ అవగానే ఆపేయడం ఒకటి. రోజుకు రెండు మూడు మెత్తటి మోషన్లు అయ్యేలా రోజూ తాగాలి, మతి సరిగ్గా ఉన్న రోజుల్లో కూడా. రెండోది, మాంసం, పప్పు, గుడ్లు పూర్తిగా మానిపించడం. ఇది పాతకాలపు సలహా. మాంసకృత్తులు తగ్గితే కండ కరిగిపోతుంది, అమ్మోనియాను పట్టే ఇంకో దారి ఆ కండే. కిలో బరువుకి రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నది ఇప్పటి సూచన. సిర్రోసిస్ ఉన్నవాళ్లు రోజాల సంగతి లివర్ డాక్టర్‌ని అడిగాకే తేల్చుకోవాలి.

అమ్మకానికి వచ్చిన ‘మంచి బ్యాక్టీరియా’

మంచి బ్యాక్టీరియా డబ్బాతో మూడ్ బాగుపడుతుందన్న ప్రకటనల వెనక కొంత నిజం ఉంది. 2004లో జపాన్‌లో నొబుయుకి సూడో బృందం సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో ఒత్తిడికి హార్మోన్ల స్పందన మితిమీరి ఉందని చూపింది. 2011లో ఐర్లండ్, కెనడా శాస్త్రవేత్తలు ఒక రకం లాక్టోబాసిల్లస్ ఇచ్చిన ఎలుకల్లో బెదురు తగ్గిందనీ, వేగస్ నరం కోసేస్తే ఆ ఫలితం పోయిందనీ చూపారు. అదే రకాన్ని ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చి 2017లో ఫలితాలు ప్రకటించినప్పుడు తేడా ఏమీ కనబడలేదు. ప్రకటనల్లో 2011 సంగతే వస్తుంది, 2017 సంగతి రాదు. ‘సెరటోనిన్‌లో 90 శాతం కడుపులోనే’ అన్న మాట కూడా నిజమే, కానీ పేగుల సెరటోనిన్ నేరుగా మెదడులోకి వెళ్లలేదు.

ఐబీఎస్‌కి ప్రోబయోటిక్స్‌ను పరిశోధనల్లో తప్ప సిఫారసు చెయ్యలేమని అమెరికన్ గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2020లో చెప్పింది. మలం శాంపిల్ పంపితే బ్యాక్టీరియా జాబితా ఇచ్చే పరీక్షలను మామూలు వైద్యంలో వాడేంత ఆధారం లేదని 2024లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తినడానికి ఎవరి అభ్యంతరమూ లేదు. దానికి వేలు ఖర్చవదు కూడా.

కడుపు బాధ నెలలు దాటి నడుస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాలు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుంటే బాగా ఉపయోగపడతాయి: ఏ వేళకు తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు, మోషన్ ఎలా ఉంది, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగింది. దిగులు, భయం కూడా తోడైతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, ఏ వేళకైనా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. లివర్ విషయంలో మొదటి అడుగు పొట్ట అల్ట్రాసౌండ్, లివర్ రక్తపరీక్ష. కంపెనీ ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో ఇవి చాలాసార్లు ఉంటాయి, రిపోర్టులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న లైను దగ్గర ఆగి చదవాలి.