చెహరా చీటీలు

తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాను, ఔరంగజేబుల నాటి దక్కను కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో నన్ను ఆకర్షించేవి ఫర్మానాలు కావు, 'అర్జ్-ఓ-చెహరా' అనే చీటీలు. సిపాయి పేరు, తండ్రి పేరు, ఒంటిరంగు, ముఖంమీది మచ్చ, పాతగాయం. పిదప గుర్రం రంగు, దాని ఒంటిమీది ముద్ర. ఎరువు గుర్రాలను, అద్దె మనుషులను చూపించి జీతాలు కాజేయకుండా అక్బరు కాలంలో పెట్టిన కట్టుబాటు ఇది. 1687లో గోల్కొండ పడిపోయాక చార్మినారు చుట్టూ ఉన్న నగరానికీ ఈ లెక్కలే వచ్చాయి.

మన్సబుదారు హోదాకు రెండు అంకెలు. 'జాత్' అతని స్థాయి, 'సవార్' అతడు పోషించవలసిన రౌతుల సంఖ్య. తనిఖీలో రౌతులు తక్కువైతే జీతం తెగేది, హోదా కూడా తగ్గవచ్చు. యుద్ధంలో గుర్రం చచ్చినా అందుకు రుజువు కాగితం ఉండాలి. పదోన్నతి ప్రతిపాదనను పాదుషా ముందుంచేది బక్షీ. లెక్క కుదరనివాడికి మిగిలిన దారి అర్జీ పెట్టుకోవడమే. ఆ లెక్కల పుస్తకం మళ్ళీ ఆ బక్షీ దఫ్తరులోనిదే! హాజరు, దాఖలా, అర్జీ, దఫ్తరు - మనం నేటికీ వాడే ఈ మాటలన్నీ ఆ కచేరీల సొమ్మే కదా.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవాడి గతి ఏమిటంటారా? దక్కనీ సర్దారులను తనవైపు తిప్పుకోవడానికి ఔరంగజేబు హోదాలను ధారాళంగా పంచాడు. ఇవ్వడానికి జాగీర్లు చాలలేదు. ఖాఫీఖాను రాసిన చరిత్రలో ఆ గోడు వినిపిస్తుంది: చేతిలో హోదా ఉంది, జాగీరు లేదు, పాతకాపులు ఏళ్ళ తరబడి ఎదురుచూపులు చూశారు.