పదిహేడేళ్ళ నాటకం, ఒక్క రాత్రి సీను

అన్నా, డ్యూటీ అయిపోయిందా? పోయిన ఎపిసోడ్‌లో కన్యాశుల్కం గురించి చెప్పా కదా, ఒక ముక్క మిగిలిపోయింది. విజయనగరంలో ఆ నాటకం తొలిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. అయినా గురజాడ దాన్ని వదల్లేదు. బాగా పెంచి, దాదాపు కొత్తగా రాసి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. ఆడిన పదిహేడేళ్ళకి!

నేనూ ఊళ్ళో నాటకాలు రాసేవాణ్ణి. తర్వాత పొట్టకోసం టీవీ సీరియల్‌కి డైలాగులు రాశా. నాటకంలో మాట తేలిపోతే జనం అక్కడికక్కడే చెప్పేస్తారు: దగ్గుతారు, బీడీ ముట్టించుకోడానికి లేస్తారు. తర్వాతి ఆటకి ఆ ముక్క కొట్టేసేవాణ్ణి. సీరియల్‌కి రాత్రి రాస్తే పొద్దున్నే షూటింగ్. ఇక దిద్దడానికి టైమేదీ? ఓసారి గల్ఫ్ నుంచి కొడుకు ఇంటికొచ్చే సీను రాశా. సూట్‌కేసు నిండా బంగారం. అబద్ధమని తెలుసు. నాకు వినబడేలా ఎవరూ దగ్గలేదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. నా నాటకం మండలం దాటలేదు. ఆ సీరియల్ పాత భాగాలు ఇక్కడ క్యాంపులో మా రూమ్మేట్ ఫోన్లో చూస్తాడు, ఊళ్ళో వాళ్ళమ్మా చూస్తుంది. ఆ సీను చూసిన మర్నాడు ఆమె అడిగిందట, నువ్వెప్పుడు తెస్తావురా అని. ఆ డైలాగులు నావని వాడికి చెప్పలేదు. ఇది వింటే తెలుస్తుంది.