సొంత సంఘం, సొంత పోటీ: 1972 వేసవి

బ్యూగుల్ అంటే మనకు పోలీసు పెరేడ్లూ, ఎన్.సి.సి. క్యాంపులూ గుర్తుకొస్తాయి. అమెరికాలో దానితో ఏటా వేసవిలో పోటీలు పడే కుర్రకారు దళాలున్నాయి. వాటినే డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్ అంటారు. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, జెండాలు పట్టుకొని, ఫుట్‌బాల్ మైదానంలో కవాతు చేస్తూ వాయించాలి. ఇరవై ఒకటో ఏడు దాటితే రిటైర్మెంటే. మనకు యాభై ఎనిమిదికే తొందరపడ్డారని గొణుక్కున్నాం!

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ పోటీలను పెంచి పోషించింది అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాలు. ఆ మేలు మరువరానిది. కాని 1970 ప్రాంతానికి పేచీ ముదిరింది. నియమాలూ, బహుమతి సొమ్మూ నిర్ణయించేది వారు. బస్సు ఖర్చులు భరించి, రాత్రంతా ప్రయాణించి, స్కూలు హాళ్లలో నేలమీద పడుకొనేది దళాలు. విన్నపాలు పెడితే ఏమవుతుందో మన పాఠకులకు నేను చెప్పాలా?

ట్రూపర్స్ దళం నడిపే జిమ్ జోన్స్, కావలియర్స్ స్థాపకుడు డాన్ వారెన్ మొదలైనవారు పూనుకోగా, కొన్ని దళాలు కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సొంత సంఘం పెట్టుకున్నాయి. తమ పోటీకి జనం వస్తారా, ఖర్చు గిట్టుతుందా అన్న బెంగ ఉండనే ఉంది.

తొలి జాతీయ పోటీ 1972 ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్లో జరిగింది. ఆ రోజుల్లో జడ్జీలు దళాల మధ్యనే నడుస్తూ, తప్పు కనబడ్డప్పుడల్లా పదో వంతు మార్కు కోసేవారు. అచ్చం మన ఆడిటర్లే! ఆ రాష్ట్రపు బ్లూ స్టార్స్ గెలుస్తుందని స్థానికులు ఆశపడి ఉంటారు. వారిది రెండో స్థానమైంది. మూడు వేల కిలోమీటర్ల అవతల కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైం కింగ్స్‌మెన్ మొదటి బహుమతి తీసుకుపోయింది.

ఆ పోటీ 2020లో కరోనా వచ్చేదాకా ఏ ఏడూ ఆగలేదు. కింగ్స్‌మెన్ దళం మాత్రం 1980ల తర్వాత నిలవలేదు. అయితే 2007లో జాతీయ పోటీ కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్‌లో జరిగినప్పుడు, ఆనాటి సభ్యులు మళ్లీ కూడారు. ఇరవై ఒకటికే రిటైరైనవారు, యాభై దాటిన వయసులో, పోటీకి కాకుండా కేవలం ప్రదర్శనకు మైదానంలోకి దిగి వాయించారు.