బొమ్మల పేజీలో నల్లవాళ్ల చోటు

అమెరికా పెద్ద పత్రికల్లో బొమ్మల కథల పేజీ చాలాకాలం తెల్లవాళ్ల సొత్తే. నల్లవాళ్లలో గీసేవాళ్లు లేక కాదు. నల్లవాళ్లు నడుపుకున్న 'పిట్స్‌బర్గ్ కొరియర్'లో 1937లోనే జాకీ ఓర్మ్స్ గీసింది. మోరీ టర్నర్ 1965లో మొదలెట్టిన 'వీ పాల్స్'ని తొలి మూడేళ్లూ వేసుకున్న పత్రికలు వేళ్లమీద లెక్కపెట్టేన్నే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపాకే ఆ సంఖ్య 100 దాటింది.

ఆరన్ మెగ్రూడర్ ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి అధ్యయనాలు చదువుతూ 1996లో 'ది బూన్‌డాక్స్'ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. చికాగో నుంచి తెల్లవాళ్ల పేటకి తాతతో, తమ్ముడితో వచ్చిన హ్యూయీ అందులో నాయకుడు. ఆ పేరు బ్లాక్ పాంథర్ నేత హ్యూయీ న్యూటన్‌ది. ఆ ఏడే అది విద్యార్థుల పత్రికకెక్కింది. 1997లో హిప్‌హాప్ పత్రిక 'ది సోర్స్'లోకీ, 1999 ఏప్రిల్‌లో సిండికేట్ ద్వారా 150కి పైగా పత్రికల్లోకీ వెళ్లింది.

చోటు దొరికింది గానీ పెత్తనం చేతులు మారలేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత హ్యూయీ అమెరికా ప్రభుత్వాన్ని నిలదీస్తే కొన్ని పత్రికలు ఆ బొమ్మల్ని ఆపేశాయి. నల్లవాళ్ల బొమ్మ ఒకటుంటే చాలనుకునే సంపాదకుల తీరుని ఎండగడుతూ 2008 ఫిబ్రవరి 10న పలువురు నల్ల చిత్రకారులు ఒకే హాస్యాన్ని తలా ఒకరు గీశారు.

1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది ఆ బ్లాక్ పాంథర్లని చూసే. అప్పు చేసి పుస్తకం అచ్చేసుకునే మన కవులకీ ఈ చరిత్ర పనికొస్తుంది. పెద్ద పత్రిక పిలిస్తే వెళ్లాల్సిందే, చదివేవాళ్లు అక్కడున్నారు. ఐతే వాళ్లు ఆపేసిన రోజున మన మాట వేసుకోడానికి మన పత్రిక మనకుండాలి.