సికిల్ సెల్ పిల్లలు: తల్లుల చేతికి అందిన వైద్యం

వైద్య చరిత్ర అనగానే మనకి పెద్ద ఆపరేషన్లు, ఖరీదైన మెషిన్లు గుర్తొస్తాయి. ఈ ఎపిసోడ్‌లో చెప్పుకునేవి రెండు చిన్న పనులు: బిడ్డ పొట్ట మీద తల్లి చెయ్యి పెట్టి చూడటం, రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ వేయడం.

1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్, గ్రెనడా నుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాలు ఉన్నాయని రాశారు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం లోపం హిమోగ్లోబిన్‌లో ఉందని తేల్చింది. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ జబ్బు బయటపడింది. జబ్బేంటో తెలిసింది సరే, పిల్లలు మాత్రం చనిపోతూనే ఉన్నారు. ఎందుకని?

జవాబు జమైకాలో దొరికింది. 1973 నుంచి కింగ్‌స్టన్‌లో గ్రాహమ్ సర్జెంట్ బృందం లక్ష మంది నవజాత శిశువులకి రక్తపరీక్ష చేసి, జబ్బున్న పిల్లల్ని పుట్టుక నుంచే గమనిస్తూ వచ్చింది. కొందరు పిల్లల్లో రక్తం ఉన్నట్టుండి ప్లీహంలో నిలిచిపోతోంది. ఎడమ పక్కటెముకల కింద పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ పాలిపోతుంది, గంటల్లోనే ప్రాణం పోవచ్చు. డాక్టర్ దగ్గరికి చేరేలోపే అంతా అయిపోయేది. అందుకే ప్లీహాన్ని తడిమి చూడటం తల్లులకే నేర్పారు. అంతకుముందు ఇలాంటి ప్రతి 100 సందర్భాల్లో 29 మరణాలు జరిగేవి, తర్వాత అవి 3కి తగ్గాయి. ఇంకో విశేషం ఏంటంటే, నమోదైన కేసులు రెట్టింపు దాటాయి. జబ్బు పెరిగి కాదండీ, తల్లులు ముందే పసిగట్టడం వల్ల.

రెండో శత్రువు ఇన్ఫెక్షన్. ప్లీహం దెబ్బతింటే న్యూమోకాకస్ క్రిమిని ఆపేవాళ్లుండరు. అమెరికాలో మెరిలిన్ గాస్టన్ నాయకత్వంలో చిన్నపిల్లలకి రోజూ పెన్సిలిన్ ఇచ్చి చూశారు. ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. మిగతా పిల్లలకీ మందు అందాలని పరీక్షని గడువుకి ముందే ఆపేశారు. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి.

ఇక మన సంగతి. 2047 నాటికి సికిల్ సెల్‌ని నిర్మూలించాలని 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. కానీ పరీక్ష చేసి కార్డు చేతిలో పెడితే పని అయిపోదు. ఏజెన్సీలో కొండ దిగి ఆస్పత్రికి రావడానికే సగం రోజు పట్టే ఊళ్లున్నాయి. అక్కడ ఏఎన్ఎం, నర్సు, ఆశా కార్యకర్త ఆ తల్లికి చెప్పే నాలుగు మాటలే బిడ్డకి రక్ష. జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నీళ్లు బాగా తాగించాలి. చలికి వదలొద్దు. ఒళ్లు నొప్పులంటే వేషాలనుకోవద్దు. వీటికి తోడు పొట్ట తడిమి చూడటం చేతులు పట్టుకుని నేర్పించాలి, చీటీ రాసిస్తే సరిపోదు.

జమైకా తల్లులు నేర్చుకున్నది మన కొండల్లో తల్లులు నేర్చుకోలేరా? నేర్పేవాళ్లు వాళ్ల గడప దాకా వెళ్లాలి, అంతే.