తేటయు మడ్డియు: సంధానవిద్యలో నొక పూర్వచరిత్రము

కల్లు గీయుట, సుర సంధించుట మొదలగు వృత్తులను గూర్చి లోకమున రెండు మాటలే వినబడుచున్నవి. త్రాగువారు పొగడుదురు, త్రాగనివారు నిందింతురు. ఆ పనిని చేసినవారి నేర్పెట్టిదని విచారించువా రరుదు. ఈ వ్యాసము మద్యప్రశంస గాదు, మద్యనిందయు గాదు. పులిసిన రసమునుండి మడ్డిని విడదీసి తేటను గ్రహించుట యను నొక్క పని చరిత్రమును పాఠకమహాశయుల యెదుట నుంచుటయే నా యుద్దేశము.

పులియబెట్టుటకంటె తేటపఱచుటయే కష్టము. ద్రాక్షపండ్లను చిదిమి కుండలో నుంచినచో రసము తనంత తానే పొంగును. తేటకు మాత్రము ఓర్పును, చేతినిలుకడయు, సమయజ్ఞానమును వలయును.

అమరకోశమును వల్లించినవారు సుర పేళ్లలో 'ప్రసన్న' యనుదాని నెఱుగుదురు. ప్రపూర్వకమగు 'సద్' ధాతువునుండి పుట్టిన పదమిది. అడుగునకు దిగవలసినది దిగిపోగా మీద నిలిచిన తేటయే ప్రసన్న. దేవుని ప్రసాదమను మాటయు నీ ధాతువునుండియే వచ్చినది. మనము ముద్దుగా ఆడుపిల్లలకు బెట్టుకొను పేరు సురాభాండపు పైతేటకును పేరగుట, ఆ తేటను మన పూర్వు లెంత గౌరవించిరో తెలుపుచున్నది.

శార్ఙ్గధరుడు తన సంహితయందలి మధ్యమఖండమున సురాభాండమును పైనుండి క్రిందికి జూచి పొరపొరకును పేరు చెప్పినాడు. పైతేట ప్రసన్న, అంతకంటె చిక్కనిది కాదంబరి, దాని క్రిందిది జగలము, జగలముకంటె చిక్కనిది మేదకము. పులియజేయు బీజమునకు కిణ్వమని పేరు. పొరలను వేఱువేఱుగా దీసిన చేతులవారే వానికి వేఱువేఱు పేళ్లు పెట్టగలరు గాని, గ్రంథము ముందిడుకొని కూర్చున్నవారు పెట్టజాలరు. కావున నీ పదములు పండితుల సొత్తు గాకమునుపు పనివారి నోట పుట్టినవని నా తలంపు.

వడపోత యింకను ప్రాచీనము. సౌత్రామణీయాగమున సురను వెండ్రుకల జల్లెడతో వడియగట్టుట విధి. ఋగ్వేదమున సుర వడియు సాధనమునకు 'కారోతర'మని పేరు. అమరసింహుని నాటికి అదియే పైతేటకు పేరైనది. పనిముట్టు పేరు ఫలమునకు సంక్రమించుట వృత్తులలో సహజమే.

1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణ మొకటి గలదు. మేదకమునకు ద్రోణము నీరు, అరయాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము కొలత. ఓషధుల పిండి పిడికెడు వేసినచో కుంభమెడు సుర తేఱునని యందు జెప్పబడినది; రుచికై యైదు పలముల ఫాణితము, అనగా చిక్కని చెఱకుపాకము, చేర్పవలెనట. ఉత్సవకార్యములలో గృహస్థులు తెల్లసురను, ఔషధమునకై అరిష్టమును ఇంట జేసికొనవచ్చునని యనుజ్ఞ. కిణ్వమును సిద్ధపఱచు పని స్త్రీలును బాలురును చేయవలెనని విధి. ఆ గ్రంథమున ద్రాక్షరసపు మద్యమునకు 'మధు' వని పేరు. అందొక భేదమగు కాపిశాయనము నేటి ఆఫ్గనిస్థానమునందలి కాపిశీ నగరము పేరిట వచ్చినది.

నీటిని తేటపఱచుటకు సుశ్రుతుడు చెప్పిన సాధనములలో కతకబీజము, అనగా మన చిల్లగింజ, మొదటిది. గింజను కుండలోపలి గోడకు అరగదీసి నీరు పోసినచో, నీటియందు తేలు సన్నని మన్ను గుంపులుగా గూడి యడుగంటును. మద్యమున గ్రుడ్డు తెల్లసొనయు నట్లే వగరును గూర్చుకొని క్రిందికి దిగును. ఫ్రాన్సుదేశమున బోర్డో ప్రాంతమున నేటికిని కొందఱు దానిని వాడుచున్నారు.

మడ్డి యననేమి? పండ్లగుజ్జును, పని ముగించి యడుగునకు దిగిన కిణ్వకణములును. ఈ సూక్ష్మజీవులే రసమును పులియజేయునని ఫ్రాన్సువాడగు పాస్తరు నిరూపించెను. మద్యములపై నాతని గ్రంథము 1866లో వెలువడినది. చచ్చిన కణములపై రసము చిరకాలము నిలిచినచో దుర్గంధము పుట్టవచ్చును. గాలి సోకినచో మద్యము పుల్లని శుక్తమగును. కావున తేటను మడ్డినుండి తీయవలెను. తీయునపుడు గాలి తగులరాదు. విద్యయంతయు నీ రెండు మాటలలోనే యున్నది.

దీనికి గొప్ప యంత్రము లక్కఱలేదు. వంచిన గొట్టముతో పెద్దకుండనుండి ద్రవమును తీయుట ఈజిప్టువారు సుమారు క్రీస్తునకు పూర్వము 1500 నాటి చిత్రములలో వ్రాసియుంచిరి. కుండను ముందునాడే కదలకుండ ఎత్తున నుంచవలెను. శుభ్రమైన గొట్టపుకొన మడ్డికి పైగా నిలువవలెను. రెండవకొన క్రిందిపాత్ర యడుగున నుండవలెను. రెండువ్రేళ్ల ద్రవము విడిచిపెట్టుటకు లోభింపరాదు. క్రొత్తపాత్రను మెడవఱకు నింపి మూయవలెను. మరల మడ్డి దిగినచో కొన్ని వారములకు మరల నట్లే చేయవలెను. గంజి వార్చు ఇల్లాలి కీ నేర్పు క్రొత్త గాదు. అయితే ఇంట మద్యము సంధించుట నేడును, కౌటిల్యుని నాటివలెనే, రాజశాసనమునకు లోబడినదని మఱువరాదు.

మన గీతవృత్తియందును ఇట్టి జ్ఞానమే కలదు. సున్నము పూసిన లొట్టిలో పట్టిన రసము పులియక తియ్యగా నుండుట మన పెద్దలు శాస్త్రము చదివి తెలిసికొన్నది గాదు, చెట్టుకడ తెలిసికొన్నది. అట్టి పెద్దలు తరుగుచున్నారు. వారి కొలతలును, వారి మాటలును వారితోనే పోవుచున్నవి. శార్ఙ్గధరుని నాటి పనివారి పేళ్లు మనకు దక్కలేదు; వారి పదములు మాత్రము గ్రంథస్థములగుటచే దక్కినవి. మనకాలపు పదములను మనము వ్రాసికొననిచో అవియు దక్కవు.

కతకబీజము నీటిని తేటపఱచునది యైనను, దాని పేరు పలికినంతనే నీరు తేఱదని మనువు సెలవిచ్చినాడు. పూర్వుల కీర్తియు నట్టిదే. ప్రతిగ్రామమునను చదువుకొన్న యువకు డొక్కడు వృద్ధుని చెంత గూర్చుండి వృత్తిపదములను, పరిమాణములను వ్రాసి, వచ్చు మహాసభనాటికి తెచ్చునేని, పోషకమహాశయులు వానిని ముద్రింపించునేని, ఈ సంచికకంటె విలువైన సంచిక సిద్ధమగును. ఇదియే నా విన్నపము.